నడిగడ్డ నేర్పిన లోకరాజనీతి

మన గ్రామ గ్రంథాలయమునకు 25 సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున, రజతోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయవలసినదిగా నిర్వాహకులు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. గ్రామ లెక్కలు వ్రాసి జీవించువాడను. పగలు పొలముల లెక్కలు చూచుకొని, రాత్రులందు ఈ గ్రంథాలయపు దీపము క్రింద భారత భాగవతములను, అర్థశాస్త్రమును, దేశచరిత్రలను గురువు లేకయే చదువుకొన్నవాడను. నా వ్రాతయందలి లోపములను పెద్దలు మన్నింతురుగాక.

ఈ వ్యాసము ముఖ్యముగా ఉన్నత పాఠశాలయందు చదువుకొనుచున్న బాలబాలికల కొఱకు ఉద్దేశింపబడినది. లోకమునందలి రాజ్యముల నడుమ జరుగు వ్యవహారమును వారికి పరిచయము చేయవలెనని నా సంకల్పము. ఈ సంకల్పము కలుగుటకు కారణమైన చిన్న సంగతిని మొదట మనవి చేసెదను.

ఒకనాటి సాయంకాలము పఠనమందిరమున నలుగురైదుగురు కుఱ్ఱవాండ్రు పత్రిక చుట్టును చేరి పశ్చిమాసియా యుద్ధవార్తలు చదువుచుండిరి. ఒకడొక పక్షమును, మరియొకడు రెండవ పక్షమును పట్టి, కోడిపందెము చూచువారివలె కేకలు వేయుచుండిరి. ఎవరి క్షిపణి ఎంత దూరము పోవునో వారికి కంఠస్థము. మూలను కూర్చుండి లెక్కలు చేసికొనుచున్న ఒక బాలిక లేచి నా కడకు వచ్చి, "పెద్దనాయినా, మా అన్న కువైటుల పనిచేస్తుండు. అక్కడిదాంక యుద్ధమొస్తే ఆయన ఇంటికెట్లొస్తడు?" అని అడిగినది. కేకలు ఆగిపోయినవి. నాకును సమాధానము తోచలేదు. "దేవుడున్నడు బిడ్డా" అని చెప్పి పంపివేసితిని. ఆ రాత్రి నాకు నిదుర పట్టలేదు. తెలిసినవాడనని నమ్మి అడిగిన బిడ్డకు, తెలియదని చెప్పుటకు సిగ్గుపడి, దేవుని పేరు చెప్పి తప్పించుకొంటినని నా మనస్సు నన్ను నిందించినది. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచు నేను చదివినదంతయు ఈ వ్యాసమునకు మూలము.

మూడు గళ్ల లెక్క

రాజ్యముల వ్యవహారమును గూర్చి విద్వాంసులు చెప్పు సిద్ధాంతములు పెక్కులు కలవు. నా వృత్తికి తగినట్లుగా వానిని నేను మూడు గళ్ల లెక్కగా వ్రాసికొంటిని.

మొదటి గడి బలము. ఊరిలో తగవు వచ్చినచో ఠాణా కలదు, కచ్చేరి కలదు. రాజ్యములకు తగవు వచ్చినచో వాని అన్నింటికి పైన నిలిచి తీర్పు చెప్పి అమలు జరుపు అధికారి లేడు. కావున ప్రతి రాజ్యమును తన రక్షణ తానే చూచుకొనవలెననియు, బలాబలములే ఫలితమును నిర్ణయించుననియు చెప్పువారిని వాస్తవవాదులందురు. 1948లో అమెరికాలో హాన్స్ మోర్గెంథావ్ అను ఆచార్యుడు ప్రకటించిన గ్రంథము ఈ వాదమునకు పేరెన్నికగన్నది.

రెండవ గడి ఒడంబడిక. వర్తకము, సంధిపత్రములు, సభలు, న్యాయస్థానములు రాజ్యముల కలహములను తగ్గింపగలవని చెప్పువారు ఉదారవాదులు. జర్మను తత్త్వవేత్త కాంటు 1795లో శాశ్వతశాంతిని గూర్చి వ్రాసిన చిన్న పుస్తకము వీరికి మూలములలో నొకటి.

మూడవ గడి భావము. పొరుగు రాజ్యము మిత్రమా శత్రువా యనునది ఆయుధముల లెక్కవలన మాత్రమే తేలదు. పూర్వస్మృతి, నమ్మకము, గౌరవము, తరతరములుగా ఏర్పడిన అలవాటు దానిని నిర్ణయించునని చెప్పువారు నిర్మాణవాదులు. 1992లో అలెగ్జాండర్ వెంట్ అను అమెరికా పండితుడు ప్రకటించిన వ్యాసముతో ఈ వాదము ప్రసిద్ధికెక్కినది.

పొలముగట్టు తగవు చూచినవారికి ఈ మూడును క్రొత్త కావు. ఏ ఇంట మగవాండ్రు ఎక్కువగా నున్నారు? పట్టాలో ఏమున్నది? ఆ రెండిండ్లకు పూర్వము వావివరుసలున్నవా, వైరమున్నదా? మూడును విచారింపక తీర్పు చెప్పిన పెద్దమనిషి తీర్పు నిలువదు. లోకవ్యవహారమందును ఒక్క గడి మాత్రమే నింపి మొత్తము తేల్చినవాని లెక్క తప్పును. నేను చెప్పదలచిన మాట ఇదియే. దీనిని చూపుటకు దూరదేశములకు పోనక్కరలేదు. మన నడిగడ్డ చరిత్రయే చాలును.

రెండు నదుల నడుమ

కృష్ణకును తుంగభద్రకును నడుమనున్న ఈ నేల పడమట రాయచూరు, ముద్గల్లు కోటలతో మొదలై, తూర్పున గద్వాల మీదుగా ఆలంపురము చెంత రెండు నదులు కలియు చోటివరకు వ్యాపించియున్నది. మనవారు దీని తూర్పు భాగమును నడిగడ్డ యందురు. నల్లరేగడి నేల, రెండు వైపుల నీరు, దాటుటకు రేవులు, కాచుటకు కోటలు కలిగిన ఇట్టి సీమ ఎవరికి చేదు? బహమనీ సుల్తానులును విజయనగర రాయలును రాయచూరు అంతర్వేదికై పలుమారులు పోరాడిరి. బహమనీ రాజ్యము చీలిన పిమ్మట ఆ పోరు బిజాపురమునకు సంక్రమించినది. 1520లో శ్రీకృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్‌షాను ఓడించి రాయచూరు కోటను గైకొనెను.

కౌటిల్యుని అర్థశాస్త్రమున రాజమండలమను విభాగము కలదు. జయింపగోరు రాజును నడుమనుంచుకొని, అతని సరిహద్దునకు తగిలియున్నవాడు సహజశత్రువనియు, ఆ శత్రువునకు ఆవలివాడు సహజమిత్రుడనియు, ఇట్లు పండ్రెండుగురు రాజులతో మండలమేర్పడుననియు ఆయన లెక్కకట్టెను. వీరిలో మధ్యముడు, ఉదాసీనుడు అనువారు కూడ కలరు. సంధి, విగ్రహము, ఆసనము, యానము, సంశ్రయము, ద్వైధీభావము అను ఆరు ఉపాయములను చెప్పెను. అనగా ఒప్పందము, కలహము, ఊరకుండుట, దండు కదల్చుట, బలవంతుని నాశ్రయించుట, ఒకనితో సంధి చేసికొని మరియొకనితో పోరుట. మైసూరులో శామశాస్త్రిగారు ఈ గ్రంథపు తాళపత్ర ప్రతిని గుర్తించి 1909లో అచ్చువేయించువరకు లోకమునకు దీని పూర్తి రూపము తెలియదు. నేడు పరదేశముల విద్యాలయములందును దీనిని చదువుచున్నారు. రాయలవారు స్వయముగా తమ ఆముక్తమాల్యదలో రాజనీతికి చోటిచ్చిరి. అంతర్వేదికై ఖడ్గము పట్టిన చేతితోనే ఆయన ఆ పద్యములను వ్రాసెనని మనము మరువరాదు.

మేలు చేసిన చేయి

ఇప్పుడు బలమను గడిని పరీక్షింతము. 1543లో గోల్కొండలో తండ్రి హతుడై, అన్న జంషీదు సింహాసన మెక్కగా, ఇబ్రహీం కుతుబ్‌షా ప్రాణభీతితో విజయనగరమునకు వచ్చి అళియ రామరాయల ఆశ్రయమున ఏడేండ్లు గడపెను. 1550లో మరలి వచ్చి గోల్కొండ నేలెను. తెలుగు నేర్చి, తెలుగు కవుల నాదరించి, వారి నోట మల్కిభరాముడని పిలువబడెను. ఇంతకంటె స్నేహమునకు కారణమేమి కావలెను?

అయినను 1565 జనవరిలో రామరాయలపై దండెత్తిన సుల్తానులలో ఇబ్రహీం కూడ నుండెను. దీనికి కృతఘ్నత యని ఒక్క మాట చెప్పి ఊరకుండవచ్చును. కాని లెక్క మరియొక విధముగా నున్నది. రామరాయలు సుల్తానుల నడుమ కలహములలో ఒకమారు ఒకనికి, మరియొకమారు మరియొకనికి తోడ్పడుచు, ఏ ఒక్కడును బలవంతుడు కాకుండ చూచెను. ఇది చాలకాలము సాగినది. కాని ప్రతి కలహమునను విజయనగరమే పెరుగుచుండుట చూచి, తమలో తాము శత్రువులైనవారే భయపడి ఏకమైరి. అహమ్మదునగరపు హుసేన్ నిజాంషా తన కుమార్తె చాంద్‌బీబీని బిజాపురపు అలీ ఆదిల్‌షాకిచ్చి వివాహము చేసి, ఏ షోలాపురము కోటకై వారు పోరాడుచుండిరో ఆ కోటను అరణముగా నిచ్చెను. బీదరు, గోల్కొండలు కూడ కలిసినవి. తళ్లికోట యుద్ధమున రామరాయలు హతుడయ్యెను, విజయనగరము పాడయ్యెను. అంతర్వేది బిజాపురమునకు పోయెను.

దీనినే నేటి శాస్త్రకారులు బలముల తూకమందురు. ఒక వైపు త్రాసు మిక్కిలి మొగ్గినప్పుడు తక్కినవారు రెండవ తట్టలో చేరుదురు. ఇది మతయుద్ధమని మాత్రమే బోధించువారికి ఒక సంగతి మనవి: యుద్ధమునకు ముందు కొన్నేండ్లవరకు అదే అలీ ఆదిల్‌షా రామరాయల మిత్రుడు, రామరాయల సైన్యములో ముస్లిం సేనాపతులుండిరి. బలమను గడిని చూడనివారికి ఈ చరిత్ర అర్థము కాదు.

అప్పు పద్దు

అటు తరువాత మన ప్రాంతమున గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు, గోపాలుపేట మొదలగు సంస్థానములు నిలిచినవి. గద్వాల కోటను కట్టించిన సోమనాద్రి పేరు నేటికిని మన నోళ్లలో నున్నది. చుట్టును పెద్ద రాజ్యములుండగా ఈ చిన్న సంస్థానములు కౌటిల్యుడు చెప్పిన సంశ్రయము నవలంబించినవి. నిజామునకు పేష్కషు చెల్లించి, లోపలి పాలనను తమ చేత నుంచుకొన్నవి. గద్వాలకు సొంత నాణెముండెను. విద్వద్గద్వాల యని కవులు కొనియాడిన కొలువుండెను. చిన్నవాడు పెద్దవాని నాశ్రయించుట అవమానము గాదు. ఎంత యిచ్చి ఎంత నిలుపుకొనుచున్నాడో తెలియకుండుటయే ప్రమాదము.

ఆ ప్రమాదము పెద్దవాడైన నిజామునకే వచ్చినది. మరాఠాల భయము, మైసూరు భయము చుట్టుకొనగా 1798లో నిజాం అలీఖాను ఇంగ్లీషు కంపెనీతో సైన్యసహకార సంధి చేసికొనెను. కంపెనీ సైన్యము నిజామును కాపాడును. ఖర్చు నిజాము భరించును. 1800లో ఆ ఖర్చుక్రింద బళ్లారి, కడప మొదలగు సీమలు కంపెనీకి దత్తమైనవి. తుంగభద్రకు దక్షిణతీరమున వేరొక ప్రభుత్వమేర్పడినది. తరువాత హైదరాబాదు కాంటింజెంటు అను మరియొక సైన్యము. దాని జీతముల బాకీ. ఆ బాకీక్రింద 1853లో బీరారును, ధారాశివమును, రాయచూరు అంతర్వేదిని కంపెనీ తన వశము చేసికొనెను. 1857 తిరుగుబాటులో నిజాము ఇంగ్లీషువారి పక్షమున నిలిచినందులకు 1860లో అంతర్వేదిని, ధారాశివమును మరల నిచ్చి, 50 లక్షల రూపాయల అప్పును కొట్టివేసిరి. బీరారు మాత్రము తిరిగిరాలేదు. 1902లో సాలుకు 25 లక్షల కవులుతో శాశ్వతముగా పోయినది.

యువజనులారా, ఇచ్చట ఒక్క ఫిరంగియు మ్రోగలేదు. రాయలు రక్తము ధారపోసి గెలిచిన సీమ ఒక బాకీ పద్దులో పోయి, మరియొక జమపద్దులో తిరిగి వచ్చినది. నా వృత్తిలోనివారెవరైనను ఈ సంధిపత్రము చదివినచో, కాపలాదారుని జీతమును యజమాని నిర్ణయింపలేని ఇంట యజమాని ఎవరో వెంటనే చెప్పగలరు. 1991లో మన దేశమునకు విదేశీద్రవ్యము కొరతపడినప్పుడు సుమారు 47 టన్నుల బంగారమును పరదేశ బ్యాంకులలో కుదువపెట్టవలసివచ్చినది. అప్పు పద్దు కూడ బలమను గడిలోనిదే.

పారిసు సభలో మన సంస్థానము

ఇక ఒడంబడిక యను గడి. 1947 ఆగస్టులో ఇంగ్లీషువారు వెడలిపోగా ఏడవ నిజాము ఏ దేశమునను చేరక స్వతంత్రుడనని ప్రకటించెను. నవంబరు 29న భారతప్రభుత్వముతో ఒక సంవత్సరమునకు యథాతథ ఒడంబడిక కుదిరినది. ఉభయపక్షములును రెండవవారే దానిని భంగపరచిరని ఆరోపించుకొనిరి. రజాకార్ల దౌర్జన్యములు పెరిగినవి. 1948 ఆగస్టు 21న నిజాము ప్రభుత్వము ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు పంపెను. సెప్టెంబరు 13న భారతసైన్యము ప్రవేశించినది. 16న పారిసులో సమావేశమైన మండలి, ఎనిమిది వోట్లతో, మూడు రాజ్యములు తటస్థముగా నుండగా, ఈ విషయమును చర్చకు స్వీకరించినది. నిజాము తరఫున మొయిన్ నవాజ్ జంగు, భారతదేశము తరఫున రామస్వామి మొదలియారు మాట్లాడిరి. ఆ మరునాడే నిజాము యుద్ధవిరమణ ప్రకటించెను. 18న జనరల్ ఎడ్రూస్ మేజర్ జనరల్ చౌదరికి లొంగిపోయెను. 22న ఫిర్యాదును ఉపసంహరించుకొనుచు నిజాము తంతి పంపెను.

మన ఊరివారికి తెలియకయే మన ఊరు లోకసభ యెదుటికి పోయి వచ్చినది! ఇందు నేర్వవలసినదేమి? సభ కూడి కాగితము విప్పునప్పటికి నేలమీద కార్యము ముగిసినది. నలువైపుల భారతదేశమే యుండి సముద్రతీరము లేని రాజ్యమును, స్వంత ప్రజలలో అధికులే అంగీకరింపని స్వాతంత్ర్యమును, ఫిర్యాదుపత్రము నిలుపలేదు. ఒడంబడికకు వెనుక ప్రజల సమ్మతి యుండవలెను. అయితే మరియొక సంగతిని దాచుట చరిత్రకు ద్రోహము. రజాకార్ల చేత పెక్కు గ్రామములు బాధపడినవి. సైనికచర్య తరువాత కొన్ని జిల్లాలలో నిరపరాధులైన ముస్లిం కుటుంబములు హింసకు గురియైనవి. ప్రభుత్వము పంపిన పండిత సుందర్‌లాల్ సంఘము దానిని విచారించి నివేదిక వ్రాసినది. పెద్దల లెక్కలలో గెలుపు ఓటములు రెండే పద్దులు. ఊళ్లలో వానిని భరించినవారి పద్దు ఎన్నడును పూర్తిగా వ్రాయబడదు.

నీటి లెక్క

ఒడంబడికలు వ్యర్థమని మీరు తలంపకుందురుగాక. మన నీటి చరిత్రను చూడుడు. తుంగభద్రపై రాజోలిబండ ఆనకట్టను నిజాము రాష్ట్ర కాలమున తలపెట్టినప్పుడు ఆనకట్టయు, కాలువయు, ఆయకట్టును ఒక్క రాయచూరు జిల్లాలోనివే. 1956 నవంబరు 1న భాషారాష్ట్రము లేర్పడినప్పుడు గద్వాల, ఆలంపురము తాలూకాలు మహబూబ్‌నగరము జిల్లాకు చేరినవి. రాయచూరు మైసూరు రాష్ట్రమునకు పోయినది. తల ఒక రాష్ట్రమున, మొండెము మరియొక రాష్ట్రమున నిలిచినవి. కాలువ క్రింద అక్కడ 5,879 ఎకరములు, ఇక్కడ 87,500 ఎకరములు. ఎగువవాడు తూము తిప్పిన దిగువవాని పొలమెండును. ఇది నైలునదికిని సింధునదికిని ఉన్న కథయే.

1969లో ఏర్పడిన బచావతు న్యాయస్థానము కృష్ణాజలముల తగవును విచారించి, 1973లో నివేదిక నిచ్చి, 1976లో తుది తీర్పు వెలువరించినది. మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశమునకు 800 శతకోటి ఘనపుటడుగులు. ఇందు రాజోలిబండకు 17.1; దానిలో మన వంతు 15.9. కాగితముపైనున్న వంతు కాలువ చివరి పొలము వరకు ఏటేట పూర్తిగా పారలేదని ఆయకట్టు రైతులందరు ఎరుగుదురు. 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడిన పిమ్మట ఈ లెక్కలో మూడు రాష్ట్రములు కూర్చున్నవి. అయినను ఆ 15.9 అను అంకె వ్రాసియుండుట వలననే మనము అడుగగలుగుచున్నాము. అంకె లేనిచో అడుగుటకు ఆధారమే లేదు.

సింధునది ఒడంబడికను 1960లో ప్రపంచబ్యాంకు మధ్యవర్తిత్వమున నెహ్రూ, అయూబుఖానులు కరాచీలో వ్రాసికొనిరి. 1965, 1971, 1999 సంవత్సరముల పోరాటములలోను అది నిలిచినది. 2025 ఏప్రిలులో పహల్గాములో యాత్రికులను ఉగ్రవాదులు చంపిన పిమ్మట భారతప్రభుత్వము దానిని నిలిపివేయుచున్నట్లు ప్రకటించినది. అరువదేండ్లకు పైగా నిలుచుట ఒడంబడిక శక్తి. నమ్మకము చెడినప్పుడు ఆగిపోవుట దాని పరిమితి. కావుననే మూడవ గడి అవసరము.

వనపర్తి నుండి ఆఫ్రికాకు

19వ శతాబ్దమున వనపర్తి రాజా మొదటి రామేశ్వరరావుగారి సైన్యములో ఆఫ్రికా సంతతివారైన సిద్దీ భటులుండిరి. తరువాత ఆ దళము నిజాము కొలువున చేరి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అను పేరొందినది. హైదరాబాదులోని ఏ.సి. గార్డ్స్ పేటకు ఆ పేరు వారివలననే వచ్చినది. ఆ వంశమునందే 1923లో జన్మించిన మూడవ రామేశ్వరరావుగారు స్వతంత్రభారత విదేశాంగసేవలో చేరి, 1950 దశకమున గోల్డ్‌కోస్టులో మన దేశపు కమిషనరుగా పనిచేసిరి. ఆ గోల్డ్‌కోస్టే 1957 మార్చి 6న ఘనా యను పేర స్వతంత్రమైనది. ఆ సంవత్సరమే ఆయన మహబూబ్‌నగరము నుండి లోకసభకు ఎన్నికైరి. ముత్తాతల కాలమున ఆఫ్రికావాడు వనపర్తికి భటుడై వచ్చెను; మునిమనుమని కాలమున వనపర్తివాడు ఆఫ్రికాకు సమానగౌరవముతో రాయబారియై పోయెను. ఈ మార్పును తెచ్చినది ఆయుధబలము గాదు. మనుష్యులను చూచు దృష్టి మారుట. 1955లో బాండుంగు నగరమున 29 ఆసియా ఆఫ్రికా రాజ్యములు సభచేసినప్పుడు వాని వద్ద ధనమును లేదు, దండును లేదు. మేము ఎవరికిని బానిసలము గామను భావమొక్కటి యుండెను.

మన గ్రామములలో రాయబారము నాటకమును చూడనివారు లేరు. యుద్ధము తప్పదని ఎరిగియు శ్రీకృష్ణుడు హస్తినకు ఏల పోయెను? అయిదూళ్లైనను చాలునని ఏల అడిగెను? సంధికై తుదివరకు యత్నించినవాడెవడో, కాదన్నవాడెవడో లోకమునకు తెలియుటకు. భావమను గడిలో జమ యుండవలెనని ఆయనకు తెలియును. దుర్యోధనుడు సైన్యమును కోరుకొనెను, అర్జునుడు కృష్ణుని కోరుకొనెను. ఎవరు ఏ గడిని నమ్మిరో చూచుకొనుడు.

ఆ బిడ్డకు సమాధానము

1990 ఆగస్టు 2న ఇరాకు సైన్యము కువైటును ఆక్రమించినది. అచ్చట లక్షకు పైగా భారతీయులు చిక్కుకొనిరి. వారిని బలముతో విడిపించు సైన్యము మనకు ఆ చోట లేదు. నాటి విదేశాంగమంత్రి గుజ్రాల్ బాగ్దాదుకు పోయి సద్దాం హుసేనును కలిసికొనెను. ఆయన ఆలింగనము చేసికొన్న ఛాయాచిత్రమును చూచి లోకమంతయు విమర్శించినది. ఆక్రమించినవానిని కౌగిలించుకొనుట కువైటువారికి నొప్పి కలిగింపక మానదు. కాని ఇరాకుతో పాతస్నేహము వలనను, జోర్డాను దేశము తన నేలమీదుగా దారి యిచ్చుట వలనను, మనవారు అమ్మాను నగరము చేరి, అచ్చటినుండి విమానములపై ఇల్లు చేరిరి. రెండు నెలలలో 1,70,000 మందికి పైగా తిరిగి వచ్చిరి. ఎవరి పక్షమున గెలుపున్నదని కేకలు వేయువారికి ఈ పద్దు కనబడదు.

నేను ఆ బాలికను పిలిచి ఇదంతయు చెప్పితిని. ఆమె శ్రద్ధగా విని, "మంచిదే పెద్దనాయినా, మరి మా అన్న పాసుపోర్టు కఫీలు దగ్గరనే ఉన్నదంట గద?" అన్నది. నేను చదివిన ఏ సిద్ధాంతగ్రంథమునందును ఈ ప్రశ్న లేదు. ఈమారు దేవుని పేరు చెప్పి తప్పించుకొనలేదు. నాకు తెలియదని చెప్పి, ఇద్దరము కూర్చుండి అన్నకు ఉత్తరము వ్రాసితిమి: పాసుపోర్టు నకలు ఇంటికి పంపుమనియు, భారత రాయబార కార్యాలయపు చిరునామా తన వద్ద నుంచుకొనుమనియు. పరదేశమున బిడ్డలున్న ప్రతి ఇంటివారును ఈ రెండు కాగితములు పెట్టెలో భద్రపరచుకొనవలెనని ఈ సంచిక ముఖమున ప్రార్థించుచున్నాను.

గ్రంథాలయ నిర్వాహకులకు నాదొక విన్నపము. పత్రికల బల్లపైన ఒక దళసరి పుస్తకము నుంచుడు. అందు ప్రతి పుటకు మూడు గళ్లు గీయుడు: బలము, ఒడంబడిక, భావము. వారమునకొక లోకవార్తను తీసికొని బాలబాలికలు ఆ గళ్లను నింపవలెను. ఎవరికి ఏమి కావలెను? ఏమి వ్రాసికొనిరి? ఒకరినొకరు ఏమని తలచుచున్నారు? అడుగున నాలుగవదిగా ఒక్క పంక్తి: దీనిని భరించువారెవరు? ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానము వ్రాసిన పిమ్మటనే ఎవరి పక్షమున నిలువవలెనో తేల్చుకొనుడు. అప్పుడు కేకలు తగ్గును, ఆలోచన పెరుగును.

గోలకొండ పత్రికను 1926లో స్థాపించి తెలుగువారికి కన్నులు తెరిపించిన సురవరము ప్రతాపరెడ్డిగారు ఈ నడిగడ్డ బిడ్డయే. రెండు నదుల నడుమనున్న ఈ చిన్న నేలనుండి లోకమును చూడవచ్చునని ఆయన చూపిరి. మన గ్రంథాలయము మరి 25 సంవత్సరములకు స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి, ఆ మూడు గళ్ల పుస్తకములు ఒక బీరువా నిండవలెనని, వానిని నింపినవారిలో ఒకరైనను దేశమునకు రాయబారి కావలెనని, ఆ రాయబారికి కువైటులోనున్న కూలివాని పాసుపోర్టు సంగతి జ్ఞప్తి యుండవలెనని కోరుచు విరమించుచున్నాను.